రెండో ఫొటో కోసం

(ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం రోజున కాకినాడలో యువ ఫొటోగ్రాఫర్లతో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

1839 ఆగస్టు 19న పారిస్‌లో ఒక సభ జరిగింది. వెండి పూత పూసిన రాగి రేకు మీద బొమ్మని నిలబెట్టే పద్ధతిని డాగెర్ అనే ఫ్రెంచి చిత్రకారుడు కనిపెట్టాడు కదా, ఆ పద్ధతి ఏమిటో ఆ సభలోనే లోకానికి విప్పి చెప్పారు. అందుకే ఈ రోజుని మనం పండగ చేసుకుంటున్నాం. ఆ సభ గురించి నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. దాన్ని సైన్సు అకాడమీ, లలితకళల అకాడమీ రెండూ కలిసి జరిపాయి. అంటే ఫొటోగ్రఫీ లోకంలోకి వచ్చిన మొదటి రోజునే శాస్త్రజ్ఞులూ చిత్రకారులూ ఒకే చోట కూర్చుని ఉన్నారు. ఆ తర్వాత ఎందుకో విడిపోయారు. వాతావరణ మార్పుని జనం కళ్ళకి చూపించాలంటే వాళ్ళని మళ్ళీ ఒక దగ్గర కూర్చోబెట్టాల్సిన అవసరం వచ్చిందని చెప్పడానికే నేను ఇవాళ మీ ముందుకొచ్చాను.

భూమి ఇంత వేడెక్కింది అని శాస్త్రవేత్తలు చెప్పేటప్పుడు దేనితో పోల్చి చెబుతారో తెలుసా? 1850 నుంచి 1900 దాకా ఉన్న సగటుతో. దానికన్నా 2011–2020 దశాబ్దం 1.1 డిగ్రీలు ఎక్కువ. 2024 ఒక్క సంవత్సరాన్నే తీసుకుంటే 1.5 డిగ్రీలు దాటింది. ఆ 1850 పక్కన కెమెరా వయసు పెట్టి చూడండి. బొగ్గు పొగగొట్టాలు, కెమెరా ఇంచుమించు ఒకే కాలంలో ఎదిగాయి. భూమి వేడెక్కుతున్నంత కాలమూ కెమెరా పక్కనే నిలబడి ఉంది. మన దగ్గరున్నంత పెద్ద సాక్ష్యం ఇంకే కళ దగ్గరా లేదు. దాన్ని మనం సరిగ్గా వాడుకోలేదన్నది నా బాధ.

ఎందుకు వాడుకోలేదు? మనకి నేర్పిన విద్యలోనే ఆ కారణం ఉంది. మనందరికీ మొదటి పాఠం క్షణాన్ని పట్టుకోవడం. కార్తియే బ్రెసాఁ అనే ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ నీటి మడుగు మీద గెంతుతున్న మనిషిని కాలు నీళ్ళకి తగలకముందే పట్టుకున్నాడని మాకు చూపించారు, మేం మీకు చూపించాం. పెళ్ళిలో తలంబ్రాలు గాల్లో ఉన్న క్షణం, వికెట్లు ఎగిరిన క్షణం, అల విరిగిన క్షణం. అది గొప్ప విద్యే, నేను దాన్ని తక్కువ చేయను. కాని వాతావరణ మార్పుకి క్షణం లేదు. 2006 నుంచి 2018 వరకు ప్రపంచవ్యాప్తంగా సముద్రమట్టం ఏడాదికి సగటున 3.7 మిల్లీమీటర్లు పెరిగింది. బియ్యపు గింజ పొడవు కూడా లేదు. ఏ షట్టర్ స్పీడు పెట్టి తీస్తారు దాన్ని?

తుఫానుకి క్షణాలుంటాయి, వరదకి ఉంటాయి. వాటిని తీస్తాం. మర్నాడు పేపర్లో వస్తుంది. ఆ మర్నాడు ఇంకో వార్త వస్తుంది. చూసినవాళ్ళకి అదొక ప్రమాదంలా గుర్తుంటుంది, అంతే. మార్పు కంటికి ఆనాలంటే రెండు ఫొటోలు కావాలి. ఒకే చోట నిలబడి, ఒకే దిక్కుకి, ఏళ్ళ తేడాతో తీసిన రెండు ఫొటోలు. మన కాలానికి కావలసిన కళ ఆ రెండో ఫొటోలో ఉందని నా గట్టి నమ్మకం. వెళ్ళిన చోటికే మళ్ళీ వెళ్ళగలిగినవాడే ఈ పని చేయగలడు.

ఇది కొత్త ఊహేమీ కాదు. 1880ల చివర్లోనే ఫిన్‌స్టర్‌వాల్డర్ అనే బవేరియా గణిత శాస్త్రజ్ఞుడు ఆల్ప్స్ కొండల్లో హిమానీనదాలని, అంటే గడ్డకట్టి మెల్లగా జారే మంచు నదులని, ఒకే చోటు నుంచి మళ్ళీ మళ్ళీ ఫొటో తీసి, మంచు ఎంత జరిగిందో లెక్కకట్టాడు. ఆయనది కొలత పని. అందులో కళ ఎలా వచ్చి చేరిందో చెప్పాలంటే మనకు దగ్గరగా ఉన్న హిమాలయాలకి వెళ్ళాలి.

1921లో ఎవరెస్టుకి దారి వెతకడానికి టిబెట్ వైపు నుంచి వెళ్ళిన బ్రిటిష్ బృందంలో జార్జ్ మాలరీ ఉన్నాడు. అక్కడి రోంగ్‌బుక్ హిమానీనదాన్ని ఒక గట్టు మీద నుంచి ఫొటో తీశాడు. ఆ యాత్రలోనే ఆయన బొమ్మ పడే కొన్ని గాజు ప్లేట్లని కెమెరాలో తిరగేసి పెట్టేశాడట. ఫొటోలు పోయాయని తెలిశాక మళ్ళీ కొండలెక్కి తీసుకొచ్చాడు. ఫోనులో బర్స్ట్ మోడు నొక్కి వంద ఫొటోలు తీసే మనం ఆ ఓపికకి దండం పెట్టాలి. 2007లో డేవిడ్ బ్రెషియర్స్ అనే అమెరికన్ పర్వతారోహకుడు మాలరీ ఫొటో ప్రింటు చేతిలో పట్టుకుని, ఆయన ఎక్కడ నిలబడ్డాడో వెతుక్కుంటూ ఆ గట్టు ఎక్కాడు. ముందున్న రాళ్ళని, వెనకున్న శిఖరాలని ప్రింటుతో సరిపోల్చుకుని, సరిగ్గా అక్కడే నిలబడి తీశాడు. రెంటినీ పక్కపక్కన పెడితే ఎవరెస్టు ఉన్నచోటే ఉంది. కింద మంచు మాత్రం 300 అడుగులకు పైగా కుంగిపోయింది. 1921లో తెల్లని మంచు కెరటాలు బారులు తీరిన చోట 2007లో రాళ్ళూ మట్టీ ఉన్నాయి.

మాలరీ తీసింది దారి కోసం. వాతావరణం మారుతుందన్న ఆలోచనే ఆయనకి లేదు. ఎనభై ఆరేళ్ళ తర్వాత ఇంకొకాయన వచ్చి దాని పక్కన ఇంకో ఫొటో పెడితే, మొదటి ఫొటోకి ఉన్న అర్థమే మారిపోయింది. ఈ సంగతి నన్ను ఎప్పటికీ కదిలిస్తూనే ఉంటుంది. ఫొటో తీసినవాడు చచ్చిపోయాక కూడా ఆ ఫొటో ఎదురుచూస్తూ ఉంటుంది, ఎవరో ఒకరు తిరిగి వస్తారని.

కళాకారుడే తిరిగి వెళ్ళిన కథ ఓలఫుర్ ఎలియాసన్‌ది. 1999లో ఐస్‌లాండ్ హిమానీనదాలని విమానంలోంచి ఫొటోలు తీశాడు. అప్పట్లో అవి ప్రకృతి అందం కోసం తీసినవి, గ్యాలరీ గోడ మీద వరసగా పెట్టినవి. 2019లో అవే హిమానీనదాల మీదికి మళ్ళీ ఎగిరాడు. పాతవీ కొత్తవీ కలిపి 30 జతలుగా ప్రదర్శించాడు. ఆయన గోడ మీద వాదన రాయలేదు, గ్రాఫులు అంటించలేదు. జతలు జతలుగా పెట్టి ఊరుకున్నాడు. చూసే మనిషి కళ్ళు ఎడమ ఫొటో నుంచి కుడి ఫొటోకి, మళ్ళీ ఎడమకి తిరుగుతాయి. ఇరవై ఏళ్ళు ఎటుపోయాయో ఎవరికివాళ్ళే వెతుక్కుంటారు. అలా వెతుక్కునేలా చేయడమే కళ అంటాను నేను. ఉపగ్రహం కూడా ఫొటో తీస్తుంది, ఇంకా కచ్చితంగా తీస్తుంది. కాని ఎంత పెద్ద ప్రింటు వేయాలి, ఏది పక్కన పెట్టాలి, చూసేవాడిని ఎక్కడ నిలబెట్టాలి అన్న నిర్ణయాలు మనిషి చేస్తాడు.

జేమ్స్ బాలోగ్ గురించి కాస్త ఎక్కువసేపు చెబుతాను, ఎందుకంటే ఆయన పనిలో మీకు ఉపయోగపడేది చాలా ఉంది. భూస్వరూపాల మీద చదువుకున్నవాడు, ఆ తర్వాత ఫొటోగ్రాఫర్ అయ్యాడు. ఒకప్పుడు వాతావరణ మార్పు సంగతి ఆయనే నమ్మలేదని చాలా సభల్లో చెప్పాడు. 2007లో గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్, అలాస్కా, మోంటానాల్లో హిమానీనదాలకి ఎదురుగా కొండరాళ్ళకి కెమెరాలు బిగించాడు. మామూలు డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలే. ఒక పెట్టె, ఒక సోలార్ ప్యానెల్, బ్యాటరీ, టైమరు. పగటి వెలుతురు ఉన్నంతసేపూ అవి వాటంతట అవే తీసుకుంటూ ఉండాలి. మొదట్లో టైమర్లు పాడయ్యాయి, పెట్టెలు మంచులో కూరుకుపోయాయి. నెలల తర్వాత అంత దూరం వెళ్ళి చూస్తే ఒక్క ఫొటో కూడా లేని కెమెరాలున్నాయి. టైమరుని మళ్ళీ తయారు చేయించి, మళ్ళీ వెళ్ళి బిగించాడు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి వచ్చిన ఫొటోలని వరసగా ఆడిస్తే, రాయిలా గట్టిగా కనబడే మంచు నది వెనక్కి పాకడం, సన్నబడడం కంటికి కనబడింది. 2008 మే 28న ఆయన బృందంలోని ఇద్దరు కుర్రాళ్ళు గ్రీన్‌లాండ్‌లోని ఇలులిసాట్ దగ్గర కెమెరా పెట్టుకుని కూర్చుని ఉండగా 75 నిమిషాల పాటు ఆ హిమానీనదం విరిగిపడింది. 7.4 ఘన కిలోమీటర్ల మంచు. ఆ దృశ్యాన్ని సినిమాలో చూసిన జనం హాళ్ళలో నోరెళ్ళబెట్టారు. నా వరకు ఆ 75 నిమిషాల కంటే, ఎవరూ లేనిచోట గంట గంటకీ తీసుకుంటూ పోయిన ఆ పెట్టె కెమెరాలే గొప్ప. విరిగిపడటం కళ్ళారా చూడటం అదృష్టం. పెట్టె బిగించి రావడం నిర్ణయం. అదృష్టాన్ని మీకు నేను నేర్పలేను.

సరే, ఇదంతా మంచు. మన దగ్గర మంచు లేదు. మనకున్నవి ఎండ, గాలివాన, సముద్రం, వాటి మధ్య మనుషులు. మనిషి ఫ్రేములోకి రాగానే బాధ్యత మారిపోతుంది. ఇక్కడ మన గడ్డ మీద జరిగిన ఒక పాత విషయం చెప్పాలి.

1876 నుంచి 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో కరువొచ్చింది. రాయలసీమలో పెద్దలు దాన్ని ధాత కరువు అంటారు, ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి. పసిఫిక్ సముద్రం అసాధారణంగా వేడెక్కిన ఎల్‌నినో వల్ల వానలు పోయాయని ఇవాళ శాస్త్రం చెబుతోంది. వానలు పోవడం ఒక ఎత్తు, తిండిగింజలు ఓడలెక్కి పోతూనే ఉండటం ఇంకో ఎత్తు. లక్షల మంది చచ్చిపోయారు. ఆ కరువుని ఫొటో తీసినవాడు విలోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి. ఎముకల గూళ్ళలా ఉన్న మనుషులని వరసగా కూర్చోబెట్టి, స్టూడియోలో గ్రూపు ఫొటో తీసినట్టు తీశాడు. ఒక్కరి పేరూ లేదు, ఊరూ లేదు. ఆ ఫొటోలు ఇంగ్లండు చేరాయి, చూసినవాళ్ళు చలించారు. అదీ నిజమే. కాని ఆ మనుషులని అలా నిలబెట్టి తీసిన తీరుని ఆ కాలంలోనే తప్పుపట్టారు. తర్వాత బర్మాలో మరణశిక్ష పడిన ఖైదీలని తుపాకీ పేలే క్షణంలో ఫొటో తీయబోయి ఇదే హూపర్ విచారణని ఎదుర్కొన్నాడు. క్షణాన్ని పట్టాలన్న తపన మనిషిని ఎక్కడికి తీసుకుపోగలదో చూడండి.

ఆ ఫొటోలు చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. అవి లేకపోతే ధాత కరువు మన కళ్ళకి కనబడేదే కాదన్న ఎరుకా ఉంటుంది. రెండూ ఒకేసారి ఉంటాయి. మీరు వరదల్లోకి, కరువు పల్లెల్లోకి కెమెరా పట్టుకుని వెళ్ళేటప్పుడు ఈ రెండూ మీతో ఉండాలి.

దీనికి సమాధానం లాంటి పని గిడియన్ మెండెల్ చేశాడు. దక్షిణాఫ్రికాలో పుట్టి లండన్‌లో ఉంటున్న ఫొటోగ్రాఫర్. 2007లో ఇంగ్లండులో వరదలొచ్చాయి, కొద్ది వారాల తేడాతో బీహారులో వరదలొచ్చాయి. రెండు చోట్లా తీశాడు. అప్పటి నుంచి ఏ దేశంలో వరదొచ్చినా వెళుతున్నాడు. పాకిస్తాన్, నైజీరియా, థాయిలాండ్, బ్రెజిల్, 2014లో కశ్మీరు. వరద మొదటి ఉరవడి తగ్గి నీళ్ళు నిలబడ్డాక, ఆ ఇంటివాళ్ళతో కలిసి నడుంలోతు నీళ్ళలో వాళ్ళ గుమ్మం దాకా నడుస్తాడు. వాళ్ళు తమ ఇంట్లో, తమ గుమ్మంలో నిలబడి సూటిగా కెమెరాలోకి చూస్తారు. పాతకాలపు ఫిల్ము కెమెరా, తొందరపడి తీయడానికి లేదు. ఇంగ్లండు ఇంటాయనా, బీహారు ఇంటాయనా ఒకేలా నిలబడి ఉంటారు, ఒకేలా చూస్తారు. మేం బాధితులం, జాలిపడండి అని ఆ చూపు అడగదు. మా ఇల్లు ఇది, మీరేం చేస్తున్నారని అడుగుతుంది.

ఆయన ఇంకో పనీ చేశాడు. వరద పోయాక ఇళ్ళలో, వీధుల్లో తడిసి పాడైన కుటుంబ ఫొటోలని తీసుకుని పెద్దవి చేశాడు. రంగులు కరిగి, మొహాలు చెదిరిపోయి, ఎక్కడో ఒక చెయ్యి, ఒక చీర అంచు మిగిలిన ఫొటోలు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్ళలో ఉన్న తర్వాత ఆ వీధుల్లో తిరిగాను. డాబాల మీద పరుపులు, పుస్తకాలు, సర్టిఫికెట్లతో పాటు పెళ్ళి ఆల్బములు ఆరబెట్టి ఉన్నాయి. ఒక అక్క తన ఆల్బము తెరిచి చూపించి, "మా నాన్న ఫొటో ఇదొక్కటే ఉంది తమ్ముడూ, దీన్నేమైనా చేయగలవా" అని అడిగింది. ఆమెకి చెప్పిందే మీకూ చెబుతాను, రేపు ఎవరికైనా పనికొస్తుంది. తడిసి అతుక్కుపోయిన ప్రింట్లని లాగకండి. చల్లని మంచినీళ్ళలో నానబెడితే మెల్లగా విడిపోతాయి. బొమ్మ పైకి ఉండేలా నీడలో ఆరనివ్వండి. ఎండలో పెడితే పెళుసెక్కి చుట్టుకుపోతాయి. ఆరకముందే ఫోనుతో కాపీ తీసి ఉంచండి. వరద వార్తల ఫొటోలు వేలల్లో వచ్చాయి. ఆ తడిసిన ఆల్బములని మాత్రం ఎవరైనా ఒక వరసలో తీసి పెట్టి ఉంటే, బుడమేరు గురించి అంతకన్నా గట్టిగా చెప్పే ప్రదర్శన ఉండేది కాదు.

ఇక ఎండ. మనకి అన్నిటికన్నా పెద్ద సవాలు ఇదే. 2015 మే నెల గుర్తుందా? వడగాడ్పులకి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది కూలీలు, ముసలివాళ్ళు. ఆ వడగాడ్పు పేరు చెబితే ప్రపంచానికి గుర్తొచ్చే ఫొటో ఏది? ఢిల్లీలో ఒక రోడ్డు మీద తారు మెత్తబడి, జీబ్రా క్రాసింగు తెల్లగీతలు వంకర్లు తిరిగిపోయిన ఫొటో. చావులు మన ఊళ్ళలో, ఫొటో ఢిల్లీ రోడ్డుది. ఫొటోగ్రాఫరు తప్పేమీ లేదు, చూపున్నవాడు, మంచి ఫొటో తీశాడు. వేడి కంటికి కనబడదు కాబట్టి, వేడి గీసిన గీత దొరికిన చోట తీశాడు. మన దగ్గర ఆ గీతలు లేవా? ఆ ఏడాది మనం ఏం తీశామో పాత పేపర్లు తిరగేయండి. కొబ్బరి బొండాలు, తాటిముంజలు, చెరుకురసం బండి, మొహానికి చున్నీ చుట్టుకుని స్కూటీ మీద వెళుతున్న అమ్మాయిలు. ఇది మన ఒక్కళ్ళ జబ్బు కాదు. బ్రిటన్‌లో శాఫ్రన్ ఓనీల్ అనే పరిశోధకురాలి బృందం 2019 వడగాలుల మీద ఐరోపా పత్రికలు వేసిన ఫొటోలని పరిశీలించింది. వార్త చావుల గురించి ఉంటుంది, పక్కన ఫొటోలో పిల్లలు ఫౌంటెన్‌లో ఆడుకుంటూ ఉంటారు.

ఎండని ఎలా తీయాలి? నాకు తోచింది చెబుతాను. ఎండ మనిషి రోజుని ఎలా మార్చిందో తీయండి. ఉపాధి పనికి వెళ్ళే ఆడవాళ్ళు ఒకప్పుడు ఎన్నింటికి గునపం పట్టేవాళ్ళు, ఇప్పుడు ఎన్నింటికి మొదలుపెట్టి ఎన్నింటికి దించుతున్నారు? కూలీల అడ్డా దగ్గర ఉదయం పదకొండు గంటలకి ఎవరు మిగిలి ఉంటారు? బస్టాపులో షెల్టరు లేనిచోట కరెంటు స్తంభం నీడలో జనం ఒకరి వెనక ఒకరు నిలబడతారు, మీరందరూ చూసే ఉంటారు. అదే స్తంభం, అదే గంట, ప్రతి వేసవిలో తీయండి. రేకుల ఇంట్లో మధ్యాహ్నం పసిబిడ్డని ఎక్కడ పడుకోబెడుతున్నారు? అడిగి, లోపలికి రమ్మంటేనే వెళ్ళి తీయండి.

క్యాప్షన్ గురించి ఒక మాట. 2017లో కెనడా ఉత్తరాన ఒక దీవిలో బక్కచిక్కి ఈడ్చుకుంటూ నడుస్తున్న ధ్రువపు ఎలుగు వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. పాల్ నిక్లెన్, క్రిస్టీనా మిట్టర్‌మైయర్ అనే ఫొటోగ్రాఫర్లు తీసుకొచ్చిన దృశ్యం అది. నేషనల్ జియోగ్రాఫిక్ దాన్ని వాతావరణ మార్పు ఇలాగే ఉంటుందన్న మాటతో వేసింది. కోట్ల మంది చూశారు, ఏడ్చారు. మరుసటి ఏడాది ఆ పత్రికే ఆ మాట హద్దు దాటిందని ఒప్పుకుంది. ఆ ఒక్క ఎలుగు ఎందుకు చిక్కిపోయిందో, ముసలితనమో జబ్బో, ఎవరికీ తెలియదు. ధ్రువపు మంచు కరుగుతున్నది నిజం, ఎలుగుల కష్టం నిజం. అంత పెద్ద నిజం దగ్గరుండగా తెలియని విషయాన్ని తెలిసినట్టు చెప్పడం వల్ల, నమ్మనివాళ్ళ చేతికి మనమే కర్ర ఇచ్చినట్టయింది.

ఇది మన గుమ్మం ముందుకే వస్తుంది. ఇక్కడికి కూతవేటు దూరంలో మత్స్యకారుల ఊరు ఉప్పాడ ఉంది. ఆ పక్కనే మాయాపట్నం, సూరాడపేట, కోనపాపపేట. ఇళ్ళు సముద్రంలోకి పోయాయి, బీచ్ రోడ్డు ఎన్నిసార్లు వేసినా కోసుకుపోతోంది, ఇసుక నింపిన జియోట్యూబుల గోడ కట్టినా అల దాన్నీ చీల్చింది. అక్కడ ఫొటో తీసి కింద సముద్రమట్టం పెరుగుదల అని ఒక్క మాట రాస్తే సరిపోదు. గోదావరి మీది ఆనకట్టల వెనక ఒండ్రుమట్టి ఆగిపోయింది, తీరానికి రావాల్సిన మేత రావడం లేదు. రేవు కట్టడాలు ఇసుక నడకని మార్చాయి. కాకినాడకి ఎదురుగా సముద్రంలో ఉన్న ఇసుక దీవి హోప్ ఐలాండ్ ఉత్తరానికి పెరిగిన కొద్దీ అలల దారి మారింది. వీటన్నిటి మీద సముద్రమట్టం పెరుగుతోంది. ఇవన్నీ కలిస్తే ఉప్పాడ. మీ ఫొటో కింద ఈ నాలుగూ రాయండి. జనానికి అర్థం కాదని అనుకోకండి. ఉప్పాడలో ఏ మత్స్యకారుణ్ణి అడిగినా ఇందులో మూడు వాళ్ళే చెబుతారు.

అక్కడ రెండో ఫొటో తీయాలనుకునేవాళ్ళకి కొన్ని పద్ధతులు చెబుతాను. ఒడ్డు ఎక్కడుందన్నది గంట గంటకీ మారుతుంది. పోటులో తీసిన ఫొటోని పాటులో తీసిన ఫొటోతో పోలిస్తే అబద్ధం చెప్పినట్టే. అందుకని గడియారం కంటే ముందు పంచాంగం చూడండి. అమావాస్యకో పౌర్ణమికో పెద్ద పోటు వస్తుంది, ఒక ఊళ్ళో ఆ తిథులప్పుడు పోటు ఇంచుమించు అదే వేళకి వస్తుంది. వేటకెళ్ళేవాళ్ళు తిథి చూసుకునే పడవ దించుతారు, మనమూ తిథి చూసుకునే ట్రైపాడ్ వేద్దాం. వానాకాలంలో ఒడ్డు కోసుకుపోయి, సముద్రం శాంతించాక కొంత ఇసుక మళ్ళీ చేరుతుంది. కాబట్టి ఈ ఏటి మార్గశిర అమావాస్యని పై ఏటి మార్గశిర అమావాస్యతోనే పోల్చండి. నిలబడే చోటు కదలనిది కావాలి, గుడి మెట్టో, వాటర్ ట్యాంకు దిమ్మో. లెన్సు మార్చకండి. జూమ్ ముట్టుకోకండి. తేదీ, వేళ, తిథి, ఎటు తిరిగి తీశారు, అన్నీ ఒక నోటుబుక్కులో రాయండి. ఫోనులో ఎక్కించిన వివరాలు ఫోనుతోనే పోతాయి.

సిడ్నీలో 2017లో కోస్ట్‌స్నాప్ అని మొదలుపెట్టారు. బీచ్ మీదికి చూసే చోట ఒక స్తంభానికి ఫోను పట్టే ఉక్కు చట్రం బిగించారు. దారినపోయేవాళ్ళు అందులో ఫోను పెట్టి ఫొటో తీసి పంపుతారు. చట్రం కదలదు కాబట్టి ఎవరు తీసినా ఒకే ఫ్రేము. ఆ ఫొటోల నుంచి విశ్వవిద్యాలయం వాళ్ళు ఒడ్డు ఎంత జరిగిందో కొలుస్తారు. ఇప్పుడది చాలా దేశాలకి పాకింది. ఇలాంటి చట్రం మన వెల్డింగు షాపులో ఒక పూటలో చేసిపెడతారు.

మరి మొదటి ఫొటో ఎక్కడిది? అది ఇప్పటికే ఉంది. మన చిన్న ఊళ్ళ ఫొటో స్టూడియోల అటకల మీద, నెగెటివ్ డబ్బాల్లో ఉంది. సూరాడపేటలో ఒక తాత సముద్రం వైపు చెయ్యి చూపించి, "అల విరుగుతోంది చూడు బాబూ, అదే మా పెరడు" అన్నాడు. ఇంట్లోకి వెళ్ళి తన పెళ్ళి ఫొటో తెచ్చాడు. నలుపు తెలుపుది. పెళ్ళికూతురూ తనూ నిలబడి ఉన్నారు, వెనక గోడ, గోడ వెనక రెండు కొబ్బరిచెట్లు, ఇంకా ఎంతో దూరాన సన్నగా నీటి గీత. ఆ ఫొటో తీసినాయన పెళ్ళిని తీశాననుకున్నాడు, తీరాన్ని కూడా తీశాడు. ఇలాంటివి వందలు ఉంటాయి. పుట్టినరోజు, జాతర, బడి గ్రూపు ఫొటో. వాటిలో మనుషుల వెనక ఏముందో చూడండి. చెరువు, ఊటబావి, తాటితోపు, ఏటిగట్టు. స్టూడియోలు మూతపడుతున్నాయి, నెగెటివ్‌లు పాతసామాన్ల బండికి పోతున్నాయి. ముందు వాటిని కాపాడాలి. అడిగి తీసుకుని స్కాన్ చేసి, అసలువి వాళ్ళకే తిరిగి ఇవ్వాలి. తర్వాత ఆ చోట్లకి వెళ్ళి రెండో ఫొటో తీయాలి. తీసిన ప్రతి జతకీ ఒక ప్రింటు ఆ ఇంటివాళ్ళకి చేరాలి, అది నియమంగా పెట్టుకోండి. ప్రదర్శన పెడితే మొదట ఉప్పాడ రామాలయం అరుగు మీద పెడదాం, హైదరాబాదు సంగతి తర్వాత.

టైము అయిపోయిందంటున్నారు. ఒకటి రెండు ప్రశ్నలు తీసుకుంటాను.

(సభలో ఒక విద్యార్థిని: "సార్, ఇలాంటి ఫొటోలు చూసి జనం భయపడి, ఇక మన చేతుల్లో ఏమీ లేదనుకుంటే?")

మంచి ప్రశ్న అమ్మా. ఇందాక చెప్పిన ఓనీల్ బృందమే 2013లో అచ్చు వేసిన ఒక పరిశోధనలో దీన్ని చూసింది. విపత్తుల ఫొటోలు చూసినవాళ్ళకి ఇది ముఖ్యమైన సమస్యేనని అనిపిస్తుంది, కాని మనమేమీ చేయలేమనీ అనిపిస్తుంది. చేయదగిన పనుల ఫొటోలు చూపిస్తే చేయగలమన్న ధైర్యం వస్తుంది. కాబట్టి రెండో ఫొటో ఎప్పుడూ నష్టానిదే అవ్వాలని లేదు. కోరంగి మడ అడవి దగ్గర నాటిన మొక్కలున్నాయి. అక్కడా ఒక చోటు గుర్తు పెట్టుకుని ఏటా తీయండి. మొక్క బతికినా, బతకకపోయినా తీయండి. బతికితే ఆ జతే అందరికంటే గట్టిగా మాట్లాడుతుంది.

(ఇంకొక విద్యార్థి: "నా దగ్గర కెమెరా లేదండి. ఫోనే ఉంది.")

ఫోను చాలు నాన్నా. నీ ఫోనుకి సరిపోయే చట్రం కొలతలు ఇవాళే తీసుకుందాం. వచ్చే అమావాస్యకి ఉదయం పోటు వేళకి కొందరం ఉప్పాడ వెళుతున్నాం. వచ్చేవాళ్ళు బయట బల్ల దగ్గర పేరు, ఫోను మోడలు రాయండి. మీ ఊళ్ళో పాత స్టూడియో ఏదైనా ఉంటే దాని పేరూ, ఇప్పుడు దాన్ని చూసుకుంటున్నవాళ్ళ పేరూ కూడా రాయండి.